పిట్టల నీటితొట్టికి మన్నికైన పూత

వేసవి దినములలో బాటసారుల దప్పి తీర్చుటకు చలివేంద్రములు పెట్టుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. మొహర్రం దినములలో హైదరాబాదు వీధులందు వెలయు నీటి పందిళ్ళను సబీలు అందురు. పేర్లు వేరైనను దప్పి ఒక్కటే. ఇటీవలి కాలమున ఈ ధర్మము పక్షులకును విస్తరించినది. మేడలపైనను, ఉద్యానవనములలోను, విద్యాలయముల ఆవరణలలోను పిట్టల కొరకు సిమెంటుతో పోసిన నీటితొట్లు కనబడుచున్నవి. పిచ్చుకలు, గోరింకలు, పికిలిపిట్టలు, గువ్వలు వచ్చి వానిలో నీరు త్రాగును, జలకమాడును.

ఈ తొట్లకు అందము కొరకు నీలిరంగో ఆకుపచ్చ రంగో పూయుట వాడుక. కాని ఒక వానకాలము గడచునప్పటికే ఆ రంగు పొక్కులెక్కి, పెచ్చులు పెచ్చులుగా లేచి, నీటిలో రాలుచుండును. అంతట "ఈ రంగు నాసిరక"మని అంగడివానిని నిందింతుము. మరియొక డబ్బా తెచ్చి పాత పెచ్చులపైననే పూయుదుము. మరుసటి యేడు మరల అదే అవస్థ. ఇందు ధనము వ్యర్థమగుట యొక చిన్న నష్టము. ఆ పెచ్చులు పక్షి కడుపులోనికి పోవుట పెద్ద నష్టము. పుణ్యము కొరకు పెట్టిన నీరు ప్రాణాంతకము కారాదు గదా!

తెలుగు బోధించువారికి రంగుడబ్బాలతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. రసాయన శాస్త్రపు తరగతిలో క్షారమనియు, ఆమ్లమనియు నేర్చిన మాటలు గోడ దగ్గరకు వచ్చునప్పటికి మనకు జ్ఞప్తికి రావు. మేస్త్రీకి తెలిసిన సంగతి పుస్తకములో చేరదు; పుస్తకములోని సంగతి మేస్త్రీకి చేరదు. ఈ రెంటిని కలుపుట భాష చేయవలసిన పని. అందుచేత ఒక చిన్న తొట్టిని ఆధారముగా గొని ఈ విషయమును పరిశీలింతము. మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే: పూత మన్నిక డబ్బాలో లేదు; పూత క్రింద నున్న వస్తువు యొక్క స్వభావమును మనము తెలిసికొనుటలో నున్నది.

సున్నము నాటి పాఠము

సిమెంటు రాకపూర్వము మన కట్టడములకు సున్నమే ప్రాణము. సంస్కృతమందలి చూర్ణ శబ్దమే ప్రాకృతము మీదుగా తెలుగున సున్నమైనది. ఉర్దూలో చూనా అయినది. గచ్చు అను మాట ఫారసీ నుండి మనకు వచ్చినది. చార్మినారు 1591లో లేచినది సున్నపు గచ్చు బలముననే. గానుగలో నూరిన సున్నమునకు బెల్లపు నీరు, కరక్కాయ కషాయము వంటివి చేర్చుట దక్షిణదేశపు పనివారి సంప్రదాయము.

సున్నపు పూత కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల సున్నపురాయిగా మారును. అయినను దానిలో సన్నని రంధ్రములు మిగిలియే యుండును. గోడలోని తేమ వాని గుండా వెలుపలికి పోవును. దీనినే పనివారు "గోడ ఊపిరి పీల్చుట" అందురు. గోలకొండ సమీపమున నున్న కుతుబ్‌షాహీ సమాధులకు 20వ శతాబ్దమున మరమ్మతుల పేర సిమెంటు పూసిరి. ఆ సిమెంటు పొర లోపలి తేమను బయటికి పోనీయలేదు. 2013లో ఆరంభమైన పునరుద్ధరణ కార్యమున ఆ పొరలను తొలగించి, మరల సున్నపు పూతలు వేసిరి. అంత గొప్ప కట్టడమునకు వర్తించిన సూత్రమే మన చిన్న తొట్టికిని వర్తించును. పైపూత ఎప్పుడును క్రింది వస్తువుతో స్నేహముగా నుండవలెను. దాని ఊపిరి నరికట్టిన పూత నిలువదు.

కాంక్రీటు స్వభావము

కాంక్రీటు రాయివలె కనబడును గాని రాయి కాదు. దానికి మూడు గుణములు కలవు. వానిని గుర్తుంచుకొనిన చాలును.

మొదటిది, అది క్షారగుణము కలది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసున్నము, పుట్టును. అందుచేత క్రొత్త కాంక్రీటు యొక్క పి.హెచ్. విలువ 12 మొదలు 13 వరకు నుండును. స్వచ్ఛమైన నీటి విలువ 7 అని జ్ఞాపకముంచుకొనిన, ఈ క్షారము ఎంత తీక్షణమైనదో తెలియగలదు.

రెండవది, అది నీటిని పీల్చునది. కంటికి కానరాని సన్నని నాళములు దాని దేహమంతట వ్యాపించి యుండును. తొట్టి లోపల నిలిచిన నీరు ఆ నాళముల ద్వారా వెలుపలి ముఖమునకు ప్రయాణము చేయుచుండును. గోడకు వాన యొకవైపుననే తగులును. తొట్టికి నీరు లోపలి నుండియు, వాన వెలుపలి నుండియు తగులును. కనుక ఇంటి గోడకు పనికివచ్చిన పూత తొట్టికి పనికివచ్చునని తలచరాదు.

మూడవది, అది ఎండకు వ్యాకోచించి, చల్లదనమునకు సంకోచించును. మన ప్రాంతమున మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆ ఎండలో కాగిన తొట్టిలో చల్లని నీరు పోసినప్పుడు క్షణములో దాని ఒడలు ముడుచుకొనును. దానితో పాటు సాగుటకును, ముడుచుకొనుటకును శక్తి లేని పూత చిట్లిపోవును.

పూత ఏల ఊడును?

ఇప్పుడు ఎనామిలు రంగు సంగతి చూతము. తలుపులకును, ఇనుప కటకటాలకును వేయు నిగనిగలాడు రంగు ఇది. దానికి మూలము నూనెతో చేసిన జిగురు. నూనెయు క్షారమును కలిసిన నేమగును? సబ్బు అగును. సబ్బు తయారు చేయు విధానమే అది. క్రొత్త కాంక్రీటుపై ఎనామిలు పూసిన, లోని సున్నము తేమతో కలిసి వెలికివచ్చి, పూత అడుగుభాగమును సబ్బుగా మార్చును. పైన గట్టి పొర, క్రింద జారు పదార్థము! ఇక నా పొర నిలుచుట యెట్లు? వ్రేలితో తాకిన జిగటగా నుండి, కొన్నాళ్ళకు చర్మము వలె ఊడివచ్చును. అంగడివాడు మోసగించినందున కాదు, రసాయన ధర్మము పనిచేసినందున ఆ రంగు పోయినది.

రెండవ కారణము నీటి ఒత్తిడి. పూత గాలిచొరనిదైనచో లోపలి తేమ ఎండకు ఆవిరియై, దారి దొరకక పూతను పొక్కులుగా లేపును. మూడవ కారణము ఉప్పు. నీటిలో కరిగిన లవణములు వెలుపలి ముఖమునకు వచ్చి, నీరు ఆరినంతనే తెల్లని పొడిగా మిగులును. అవి పూత క్రింద గడ్డకట్టినప్పుడు పూతను పైకి త్రోయును. నాలుగవది మురికి. అచ్చునకు పూసిన నూనె, పాత పాచి, దుమ్ము వీనిపై పూసిన రంగు కాంక్రీటును అంటదు, మురికినే అంటును. మురికి పోవునప్పుడు అదియు వెంట పోవును.

అంగడిలో దొరకు పూతలు

ఈ గుణదోషములను మనసునందుంచుకొని, దొరకు పూతలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

1. వెల్లసున్నము: చవకయైనది, ఊపిరి ఆడనిచ్చునది, క్షారమునకు భయపడనిది. కాని నునుపైన కాంక్రీటును అది గట్టిగా పట్టుకొనదు. చేతికి అంటును, వానకు కరగును. ఏటేట వేయుటకు సిద్ధపడువారికే అది తగును.

2. సిమెంటు రంగు: స్నోసెమ్ అను పేరుతో మన పెద్దలకు పరిచితమైన పొడి ఈ జాతిదే. తెల్ల సిమెంటుతో చేసినది కావున కాంక్రీటునకు సజాతీయము. క్షారము దీనినేమియు చేయలేదు, ఊపిరియు ఆడును. అయితే దీనిని పూయుటకు ముందు ముఖమును తడుపవలెను. ఒక గంటలో వాడగలిగినంత మాత్రమే కలుపుకొనవలెను. పూసిన పిదప గోడకు వలెనే నీళ్ళు చల్లి పదను కాపాడవలెను. చాలమంది ఈ చివరి పని చేయరు. ఎండకు తొందరగా ఆరిన సిమెంటు రంగు పిండివలె రాలును. పాత నూనెరంగు మీద గాని, ఎమల్షను మీద గాని ఇది నిలువదు.

3. బయటి గోడల ఆక్రిలిక్ ఎమల్షను: నీటిలో కలుపు రంగు ఇది. ఆరినప్పుడు అందలి సూక్ష్మకణములు ఒకదానితో నొకటి కలిసి సాగుడు గల పొరగా ఏర్పడును. ఇది క్షారమునకు తట్టుకొనును. ఎండకు త్వరగా పాడుకాదు. లోని తేమను కొంతవరకు ఆవిరిగా పోనిచ్చును. తొట్టి వెలుపలి భాగమునకును, స్తంభమునకును ఇదియే ఉత్తమమని మా అభిప్రాయము. లోపలి గదులకు వేయు ఎమల్షను గాని, డిస్టెంపరు గాని దీనికి బదులు కాజాలవు. కాని దీనికొక హద్దు కలదు. నిరంతరము నీటిలో మునిగియుండుటకు ఇది తయారైనది కాదు. నానినచో మెత్తబడి పొక్కును. అదియుగాక పాచి పట్టకుండుటకై ఇందులో శిలీంధ్రనాశక ద్రవ్యములు చేర్తురు. గోడకవి మేలు చేయును. త్రాగునీటికి అవి తగవు.

4. ఎపాక్సీ: రెండు డబ్బాలలోని ద్రవములను కలిపి పూయునది. మిక్కిలి గట్టిది, నీటిలో మునిగియుండగలదు. కాని ఎండ దీనికి శత్రువు. సూర్యకిరణములకు రంగు మారి, పైన సుద్దపొడి వంటిది లేచును. పైగా కాంక్రీటు పూర్తిగా ఆరియున్నగాని అంటుకొనదు. త్రాగునీటి ట్యాంకులకు పనికివచ్చునని డబ్బాపై స్పష్టముగా వ్రాసిన రకము తప్ప వేరొకటి ముట్టరాదు.

5. క్లోరినేటెడ్ రబ్బరు రంగు: ఈత కొలనులకు వాడుదురు. క్షారమునకును నీటికిని తట్టుకొనును. కాని ఈత కొలనులోని నీరు ఎవరును దప్పికి త్రాగరు. ఘాటైన ద్రావకములతో చేసిన ఈ రంగును పిట్టలు త్రాగు నీటికి తగిలించుట వివేకము కాదు.

నీరు నిలుచు చోటు

పై పట్టికను చూచిన పిదప పాఠకులకు ఒక సందేహము కలుగును: మరి తొట్టి లోపలి భాగమునకు ఏ రంగు వేయవలెను? మా సమాధానము: ఏ రంగును వేయవలదు.

ఇది పిసినారితనమువలన చెప్పుమాట కాదు. పక్షులకు పండ్లు లేవు. అవి గింజలను నలుగగొట్టుటకు చిన్న చిన్న రాళ్ళను మ్రింగి అన్నకోశమందు నిలుపుకొనును. రాలిన రంగు పెచ్చు కూడ వానికి రాతిముక్క వలెనే తోచును. జలకమాడినప్పుడు రెక్కలకు అంటినది, ఈకలు దువ్వుకొనునప్పుడు ముక్కున పడి కడుపు చేరును. ఇంకొక సంగతి. పక్షి కాళ్ళకు గరుకైన నేల కావలెను. నిగనిగలాడు రంగుపై పాచి పట్టిన, గోళ్ళు జారును. గరుకు కాంక్రీటు మీద పిచ్చుక నిర్భయముగా నిలుచును.

రంగు లేని కాంక్రీటు మాత్రము మొదట అంత సాధువు కాదు. దానిలోని సున్నము నీటిలో కరిగి, నీటిని క్షారముగా మార్చును. కావున క్రొత్త తొట్టిని నీటితో నింపి, ప్రతి దినము పారబోసి, తోమి, మరల నింపుచు రెండు మూడు వారములు గడుపవలెను. అప్పటికి ముఖమందలి సున్నము చాలవరకు తరిగిపోవును. ఆ దినములలో పిట్టలు వాలకుండ తొట్టిపై బల్లగాని గోనెగాని కప్పవలెను.

తొట్టి కారుచున్నచో చిక్కని సిమెంటు పాలతో లోపల ఒక పూత వేసి, వారము దినములు తడి ఆరకుండ కాపాడిన చాలును. అది చాలనప్పుడు త్రాగునీటి ట్యాంకులకు వాడు సిమెంటు జాతి నీటినిరోధక పూత వేయవచ్చును. ఏది వేసినను అది పూర్తిగా గట్టిపడిన తరువాత పలుమారులు కడిగి, ఆ నీటిని పారబోసిన పిదపనే పిట్టలకు నీరు పెట్టవలెను.

సీసము అను విషము

రంగుల చరిత్రలో సీసమునకు పెద్ద స్థానము కలదు. రంగు త్వరగా ఆరుటకును, ప్రకాశించుటకును, ఎండకు నిలుచుటకును తయారీదారులు సీసపు సమ్మేళనములను చిరకాలము వాడిరి. అది శిశువుల మెదడునకు హానిచేయు విషమని నేడు సందేహమునకు తావులేకుండ తెలిసినది. పక్షులకును అది అట్టిదే. పసిఫిక్ మహాసముద్రమందలి మిడ్వే దీవులలో ఒకప్పుడు అమెరికా నౌకాదళపు స్థావరముండెను. ఆ పాత భవనముల గోడలనుండి రాలిన సీసపు రంగు పెచ్చులను ఆల్బట్రాస్ పక్షుల పిల్లలు ముక్కుతో ఏరి మ్రింగెడివి. వాని రెక్కలు పైకి లేవక నేలకు వ్రేలాడి, ఎగురుటకు శక్తి లేక పిల్లలు మరణించెడివి. రంగు వేసినవారు పోయిరి. పెచ్చులు మాత్రము మిగిలి, ఆ తరువాత పుట్టిన పిల్లలను చంపినవి. ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక మనకేమి కావలెను?

మన దేశమున 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, గృహములకును అలంకరణకును వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదు. ఆ సంగతి డబ్బాపైని చీటీపై వ్రాయవలెను. కాని యంత్రములకును, పరిశ్రమలకును వాడు రంగులు ఈ నియమము క్రిందికి రావు. కనుక ఎక్కడనో మిగిలిన యంత్రపు రంగును, అటక మీద ఏండ్ల తరబడి పడియున్న పాత డబ్బాను తెచ్చి "పిట్టల తొట్టికేగదా" అని పూయరాదు. చీటీ చదివినగాని మూత తీయరాదు. పాత తొట్టి మీది రంగు ఏనాటిదో తెలియనప్పుడు దానిని పొడిగా గీకి దుమ్ము లేపుటయు ప్రమాదమే. తడిపి గీకి, రాలిన పెచ్చులను కాగితముపై పట్టి, దూరముగా పారవేయవలెను.

రంగు నెన్నుకొనుట

పూత నిలిచినంత మాత్రమున రంగు నిలువదు. ఎండకును క్షారమునకును రంగు పొడులలో కొన్ని లొంగును, కొన్ని లొంగవు. ఇనుము తుప్పు జాతికి చెందిన ఎరుపు, పసుపు, గోధుమ వన్నెలు మిక్కిలి స్థిరమైనవి. పల్లెలలో అరుగులకు పూయు జాజు ఈ కోవలోనిదే; ఉర్దూలో దానిని గేరు అందురు. అజంతా గుహలలోని చిత్రములందు శతాబ్దములు గడచినను నేటికిని కనబడు ఎరుపు ఈ మట్టిరంగు చలువయే. సున్నములో కలుపు నీలిమందు క్షారమునకు తట్టుకొనును. కాని ప్రష్యన్ నీలము క్షారము తగిలినంతనే వన్నె చెడును. క్రోము పసుపు సీసముతో చేసినది. అది క్షారమున కమిలి ఎర్రబారును, విషము కూడ.

ముదురు రంగులు ఎండను పీల్చి నీటిని వేడెక్కించును. లేత రంగులు ఎండను త్రిప్పికొట్టును. మన ఎండలకు తెలుపు, లేత గోధుమ, పలుచని జాజు రంగులు తగును. తొట్టిని చెట్టునీడన పెట్టిన నీరును చల్లగా నుండును, పూతయు దీర్ఘకాలము నిలుచును.

పని చేయు క్రమము

తొట్టి పోసిన పిదప మొదటి వారములలో నీళ్ళు పట్టి, మొత్తము 28 దినములు గడువనీయవలెను. సిమెంటు బలము చాలవరకు ఆ కాలముననే సిద్ధించును. ఆ తరువాత ఆరనిచ్చి, క్రింది పరీక్షలు చేయవలెను.

మొదటి పరీక్ష: మూరెడు పాలిథీన్ ముక్కను తొట్టి వెలుపలి ముఖమునకు నలువైపుల పట్టీతో అంటించి, ఒక రాత్రి యుంచవలెను. ఉదయమున దాని లోపల చెమ్మ కనబడినచో ఇంకను ఆరలేదని అర్థము.

రెండవ పరీక్ష: ముఖముపై నాలుగు నీటిచుక్కలు చల్లవలెను. అవి ఇంకిన మంచిది. తామరాకు మీది నీటివలె నిలిచిన, అచ్చునూనె మిగిలియున్నదని తెలియవలెను. అప్పుడు సబ్బునీటితో తోమి, పలుమారులు మంచినీటితో కడుగవలెను.

మూడవ పరీక్ష మన ఇండ్లలోనిదే. పసుపునీటిలో తడిపి ఆరబెట్టిన తెల్లకాగితమును తీసికొని, కొంచెము తడిపిన కాంక్రీటునకు అదిమి చూడవలెను. కాగితము ఎరుపెక్కినచో క్షారము ఇంకను బలముగా నున్నదని అర్థము. పసుపును సున్నమును కలిసి పారాణి అగుట ఎరుగని తెలుగు ఇల్లు లేదు. వివాహవేళ పాదములకు పూయు ఆ ఎరుపు ఇక్కడ రసాయన పరీక్షయై ఉపకరించును. ఎరుపు మెండుగా నున్నచో మరికొన్ని వారములు ఆగవలెను.

ఈ మూడును గడచిన తరువాత ఇనుప తీగల బ్రష్షుతో వదులైన దుమ్మును, తెల్లని ఉప్పును పొడిగానే రాల్చి తుడువవలెను. ఉప్పును ముందుగా నీటితో కడిగిన అది కరిగి మరల లోనికి పోవును. గుంటలను సిమెంటు, సన్నని ఇసుక కలిపి పూడ్చవలెను. గదులలో వాడు లప్పము బయట పనికిరాదు. ఆరిన పిదప ఉప్పుకాగితముతో గరుకు సవరించి, క్షారమునకు తట్టుకొను బయటి ప్రైమరు ఒక పూత, దానిపై ఎమల్షను పలుచగా రెండు పూతలు వేయవలెను. ఒక పూత ఆరుటకు డబ్బాపై చెప్పిన వ్యవధి ఇచ్చి మరియొకటి వేయవలెను. రెండు పూతల పని ఒక్క దళసరి పూతతో ముగింపజూచుట సోమరితనము; దళసరి పూత పైన ఆరి లోన పచ్చిగా నుండును. మిట్టమధ్యాహ్నపు ఎండలోను, వాన ముసురులోను ఈ పని చేయరాదు. మన ప్రాంతమున వానలు వెనుకబట్టిన తరువాత వచ్చు చలికాలపు ఉదయములు దీనికి అనుకూలమైనవి.

తొట్టి అంచు విషయమున జాగ్రత్త అవసరము. నీటిమట్టము అంచునకు చేరును, పిట్టలు అక్కడనే వాలును. కనుక అంచు వెలుపలి మలుపు వద్దనే రంగు నాపి, లోపలివైపు కాంక్రీటును యథాతథముగా విడువవలెను.

ఖర్చు లెక్క

విద్యార్థుల కొరకు చిన్న లెక్క. తొట్టి వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకొందము. అడుగు బల్లపరుపు వృత్తమైనచో వైశాల్యము 3.14 × 22.5 × 22.5, అనగా సుమారు 1,590 చదరపు సెంటీమీటర్లు. వంపును, వెలుపలి అంచును చేర్చి 2,000 అని గ్రహింతము. స్తంభము 20 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు గలదైన దాని చుట్టును వైశాల్యము 3.14 × 20 × 60, అనగా 3,768. పీఠమునకు మరికొంత చేర్చిన మొత్తము 6,500 చదరపు సెంటీమీటర్లు, లేక 0.65 చదరపు మీటరు. ఒక లీటరు ఎమల్షను రెండు పూతలుగా సుమారు 5 చదరపు మీటర్లకు వచ్చునని కొనిన, మనకు 130 మిల్లీలీటర్లు చాలును. గరుకు ముఖము ఎక్కువ త్రాగును గనుక 200 అనుకొనవచ్చును. అనగా మంచి రంగునకును నాసిరకమునకును గల ధరలోని భేదము ఇంత చిన్న పనిలో స్వల్పమే. మన్నికను నిర్ణయించునది కొన్న ధర కాదు. ముందు చేసిన శుభ్రత, ఓపికతో ఆగిన వారములు.

పోషణ

ఎంత మంచి పూతయైనను పోషణ లేక నిలువదు. వేసవిలో ప్రతిదినము నీరు మార్చవలెను. దోమ గ్రుడ్డు నుండి దోమ వెలువడుటకు సుమారు వారము పది దినములు పట్టును. దినదినము పారబోసిన నీటిలో దానికి అవకాశముండదు. పిట్టల రెట్ట పడి నిలిచిన నీటి వలన రోగములు ఒకదానినుండి మరియొకదానికి వ్యాపించును. కొబ్బరి పీచుతో లోపల తోమిన పాచి పోవును, సబ్బుతో పనిలేదు. నీటి లోతు రెండు అంగుళములు మించరాదు. నడుమ ఒక గరుకు రాయి నుంచిన చిన్న పిట్టలకు ఆధారముగా నుండును. ఏడాదికొకసారి వెలుపలి పూతను పరిశీలించి, చిట్లిన చోట మాత్రము గీకి, సవరించి, పూయవలెను. చిన్న చిట్లును నేడు సవరించినవాడు రేపు తొట్టినంతయు గీకవలసిన పని తప్పించుకొనును.

ముగింపు

సలీం అలీ 1931-32 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశీలించి, వాని వివరములను గ్రంథస్థము చేసెను. అంతటి కృషి అందరికిని సాధ్యము కాకపోవచ్చును. కాని తన ముంగిట వాలిన పిట్టకు హాని కలుగని రీతిలో గ్రుక్కెడు నీరు పెట్టుట ప్రతి విద్యార్థికిని సాధ్యమే. దానికి కావలసినది మిక్కిలి కొద్ది: కాంక్రీటు ఆరువరకు ఆగు ఓపిక, డబ్బాపైని చీటీ చదువు అలవాటు, రంగు వేయగూడని చోట కుంచెను ఆపు నిగ్రహము.

ఈ మూడింటిలో చివరిదే కష్టమైనది. చేతిలో కుంచెయు, డబ్బాలో రంగును ఉన్నప్పుడు లోపలి గిన్నెకు కూడ నీలిరంగు పూసి చెరువువలె చూపవలెనని కోరిక పుట్టును. ఆ నీలము చూచి ఆనందించువారము మనము. అందులోని నీరు త్రాగునది పిట్ట. తొట్టి యెవరి కొరకు కట్టితిమో ఆ సంగతి మరువక యున్నచో, వెలుపల ఏ రంగు వేయవలెనో, లోపల ఏది వేయరాదో మనకు తేటపడగలదు.